కోయని దూలం

పలకలు బాగానే ఉన్నాయట, గుంజలూ సిమెంటు దిమ్మల మీద కదలకుండా నిలబడ్డాయట, వాటి మధ్యనున్న దూలమే పోయిందట, వడ్రంగి వీరబాబు కాలవ గట్టున వంగి నీళ్ళ మీదకి వేసిన చెక్క డెక్ కిందకి దూరి సుత్తితో కొట్టి చూస్తున్నాడు, పైకి గట్టిగానే ఉందండి అమ్మగారూ, లోపలంతా పుచ్చి పొట్టయిపోయిందండి, నేను వింటూ అరుగు మీదున్న మా ఆయన్ని చూస్తున్నాను, పలకలు విప్పడం మొదలైనప్పటి నుంచీ పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు, ఇటు రారు, ఎలా వస్తారు, ఆ దూలం చెట్టుగా ఉన్నప్పుడు కొట్టించింది ఆయనేగా, ఈ పని కానీ, రాజోలు వెళ్ళిపోతాను, అన్నయ్య రమ్మన్నాడు, బట్టలు సర్దే ఉన్నాయి, ఈ మనిషితో ఇంక నావల్ల కాదు.

ప్రసన్న పుట్టిన ఏడు పాతిన కొబ్బరిచెట్టు అది, పిల్లా చెట్టూ పోటీపడి పెరిగారు, నాన్నా మనకీ కాలవ మీదకి ఇలాంటి డెక్ కట్టించవా అని ఫోనులో ఏదో ఇల్లు చూపించి వెంటపడేది, నీ డిగ్రీ అవనీవే అనేవారు, డిగ్రీ కాలేదు, స్కూటీ, మలుపు, లారీ, ఆసుపత్రి మెట్లు, ఎవరో నా మొహాన నీళ్ళు కొట్టడం, ఆ ఏడే గాలివానకి చెట్టు మొవ్వు విరిగింది, మొండి మానైనా ఉండనివ్వండి అని బతిమాలాను, వినలేదు, కొట్టించారు, మనిషివేనా అన్నాను, ఆయన కంట తడి లేదు, దాన్నే దూలంగా వేసి డెక్ కట్టించారు, నేను దాని మీద కాలు పెట్టలేదు, సాయంత్రాలు ఒక్కరే కూర్చునేవారు, వంటింటి కిటికీలోంచి ఆ వీపు చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది.

నా తప్పు లేదండి, అంటున్నాడు వీరబాబు, కొబ్బరిమాను నిలువునా కోసి లోపలి మెత్తదనం తీసెయ్యాలండి, అప్పుడే మొత్తుకున్నానండి, అయ్యగారు రంపం పట్టేసుకున్నారండి, పిల్లనొకసారి కోసేరు చాలు వీరబాబూ, దీన్ని కోయకు అని ఒకటే ఏడ్చేరండి, మీకు తెలుసనుకున్నానండి, ఆయ్.

తెలియదు, నాకెవరు చెప్పారు, ఏడ్చారా, ఈయనా, కోశారన్న మాట ఈ ఇంట్లో ఇన్నేళ్ళలో ఎవరూ అనలేదు, నేనూ అనుకోలేదు, ఆసుపత్రి మెట్ల మీద నేను పడిపోయాక ఆ పోస్టుమార్టం గదిలోకి ఎవరు వెళ్ళారు, అన్నయ్య ఇంకా దారిలోనే ఉన్నాడు, మీ అమ్మాయేనా అని ఎవరిని అడిగి ఉంటారు, కోసి కుట్టిన పిల్లని ఎవరి చేతికిచ్చి ఉంటారు, నా దగ్గరికి తెచ్చేసరికి మొహం కడిగి ఉంది, జడ వేసి ఉంది, వంకరగా, ఆడవాళ్ళెవరూ అలా వెయ్యరు, మెడ దాకా తెల్లగుడ్డ కప్పి ఉంది, నిద్రపోతున్నట్టే ఉందన్నారు అందరూ, నేనూ ఆ మొహాన్నే తలుచుకుని ఇన్నేళ్ళూ ఏడ్చాను, గుడ్డ తీయబోతే ఆయన నా చెయ్యి పట్టుకున్నారు, గట్టిగా, నొప్పి పుట్టేలా, ఆ కింద ఉన్నది ఆయన ఒక్కరే చూశారు, నన్ను చూడనివ్వలేదు.