తల వంచని వేషం

ఓడిపోయిన రాణి కథ సినిమాగా వచ్చినప్పటి నుంచి అదే కథను ఏళ్లుగా ఆడుతున్న నాటక సమాజానికి కంటి మీద కునుకు లేదు. సినిమాలో రాణి గెలిచిన రాజు కాళ్ల మీద పడి బిడ్డ ప్రాణం అడుగుతుంది. జనం ముక్కులు చీదుకుంటూ బయటికొచ్చారు. ఇప్పుడు నాటకంలోనూ వాళ్లకు ఆ ఏడుపే కావాలి.

"ఈ ఒక్కసారికి వంగవే తల్లీ. నీ సొమ్మేం పోయింది?" అన్నాడు సమాజాన్ని నడిపే మావయ్య.

ఆ రాణి వేషం కట్టీ కట్టీ ఆమెకు రాణమ్మ అనే పేరే స్థిరపడిపోయింది. అద్దం ముందు సవరం ముడేసుకుంటూ ఆమె అంది: "అసలు జరిగిందేంటి మావయ్యా? తల వంచలేదనే ఆవిణ్ణి కోటలో బంధించి చంపారు. గెలిచినవాడే రాయి మీద చెక్కించుకున్నాడు ఆ సంగతి. నేను వంగితే ఇక చంపడం దేనికి? బండి కట్టి ఇంటికి పంపొచ్చుగా."

"రాళ్లెవడు చదువుతాడే. హాలు నిండాలి గానీ."

గెలిచిన రాజు వేషం ఆమె భర్తది. కిరీటం తుడుస్తూ నేల చూపులు చూస్తున్నాడు. "నేనూ సరేనన్నాను," అన్నాడు మెల్లగా.

ఆమె మనసు చివుక్కుమంది. "సరేనన్నది మీరు. వంగాల్సింది నేను," అని లేచింది.

ఆఖరి రంగంలో భటులు ఆమెను సింహాసనం ముందుకు తోశారు. ఆమె నిలబడింది. వెనక వరసల్లోంచి ఎవడో "కాళ్ల మీద పడు" అని అరిచాడు. ఇంకొందరు అందుకున్నారు. తెర పక్కన మావయ్య చేతులు కిందికి ఊపుతున్నాడు. ఆమె అరిచినవాళ్ల వైపే చూస్తూ ఉండిపోయింది.

కొత్తగా రాసిచ్చిన ప్రకారం రాజు "లే, నీ కన్నీళ్లకు నా కత్తి కరగదు" అనాలి. నిలబడ్డ మనిషిని లేవమనడమెలా? భర్త నోరు తెరిచి మూశాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. చివరికి సింహాసనం దిగి ఆమె దాకా నడిచి, పాత నాటకంలోని మాటే అన్నాడు.

"తల వంచు. ప్రాణం దక్కుతుంది."

"ప్రాణం నా దగ్గరే ఉంది. నీకు కావాల్సింది నా తల. చేతనైతే నువ్వే వంచు."

కొందరు గొణుక్కుంటూ లేచిపోయారు. మిగిలినవాళ్లు భటులు ఆమెను తీసుకుపోయేదాకా కదల్లేదు.

లోపల మావయ్య మండిపడ్డాడు. "రేపట్నుంచి ఆ వేషం ఇంకొకళ్లకిస్తాను."

"ఇచ్చుకో," అంది రాణమ్మ రంగు పోయేలా ముఖాన నూనె రాసుకుంటూ.

"రాజుని కూడా వెతుక్కో మావయ్యా," అన్నాడు భర్త, మీసం పీకి బల్ల మీద పెట్టి.

మావయ్యకు వేరే రాణీ రాజూ దొరికారు. హాలూ నిండింది. వీళ్లిద్దరూ ఒక కాలేజీ మెట్ల మీద, తెరా దీపాలూ లేకుండా, పాత నాటకమే ఆడుతున్నారు. జనం తక్కువే. కిరీటం అట్టది. వాన వస్తే వరండాలోకి జరిగి ఆడతారు.