పొట్టి కమ్మి గాలం

పోస్టుమ్యాన్ నాగప్ప ఆ కార్డును మా వాకిట్లోనే చదివేశాడు. చదివి, మా నాయన చేతికిస్తూ, "మంచి కబురే రంగప్పా. అల్లుడు శనివారం చేపలు పట్టేదానికి వస్తాండాడు" అన్నాడు.

నేను పంచలో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాను. అక్కణ్ణించి గింజల్ని చింతపండులోకీ, చింతపండును గింజల్లోకీ వేయసాగాను. ఎవరూ గమనించలేదు.

నాయన కార్డును తానూ ఒకసారి గట్టిగా చదివాడు. "మామగారికి నమస్కారములు. ఇక్కడ అందరం క్షేమం. పెనుకొండ చెరువులో చేపలు బాగా ఉంటాయని విన్నాను. నేను స్వయంగా తయారుచేసిన కొత్తరకం గాలాన్ని పరీక్షించుటకై శనివారం మధ్యాహ్నం రైలుకు వస్తున్నాను. మీ గడప తొక్కను. ఇట్లు, చెన్నకేశవులు."

నీలావతి అనే నా పేరు ఎక్కడా లేదు. అది రాకుండా అంత జాగ్రత్తగా రాసినందుకు నాకు చాలా సంతోషం కలిగింది.

మాకు పెళ్ళయి ముప్పైనాలుగు రోజులు. ఆయన హిందూపురం హైస్కూల్లో సైన్సు మాస్టరు. ఆషాఢం రాగానే నన్ను పుట్టింటికి పంపేశారు. ఆ నెలంతా కొత్తకోడలు అత్తతో కలిసి ఒకే గడప దాటకూడదు. కొత్త అల్లుడు మామగారి గడప తొక్కకూడదు. నేను బి.ఏ.లో తర్కశాస్త్రం చదివాను. ఈ నియమంలో లోపం ఎక్కడుందో వివరించగలను. కానీ నన్ను పెంచింది అవ్వ, అంటే నాయన తల్లి. అవ్వకు వివరించే పద్ధతి మా కాలేజీలో నేర్పలేదు.

"చెరువులో నీళ్ళు యాడుండాయి?" అంది అవ్వ. "ఆడ గొర్రెలు మేస్తాండాయి."

"ఆ సంగతి హిందూపురంలో ఉండేవానికేం తెలుసు?" అన్నాడు నాయన. "జవాబు రాసినా శనివారం లోపల చేరదు."

"మన చేని బావి ఉండాది కదా. కొర్రమీను ఉందని అందరూ అంటారు. బావికి గడప లేదు."

నాయన కార్డును చూరులో దోపాడు. తరువాత తీర్పు చెప్పాడు. "సరే, రానీ. కానీ చేపకని వచ్చినోడు చేప పట్టాల. వట్టి చేతుల్తో పోతే, నెల తాళలేక పెండ్లాం కోసం వచ్చినాడని ఊరంతా నవ్వుతారు. చేప పడితే ఆషాఢంలో మళ్ళీ ఎన్నిసార్లయినా రావచ్చు. పడకపోతే సాయంత్రం రైలుకే పోవాల, శ్రావణం దాకా ఈ పక్కకు రాగూడదు."

శ్రావణానికి ఇంకా ఇరవైమూడు రోజులున్నాయి.

శనివారం నాయన స్టేషనుకు పోయి ఆయన్ను నేరుగా చేనికే తీసుకొచ్చాడు. అవ్వా, నేనూ అన్నం క్యారియరుతో అప్పటికే అక్కడున్నాం. ఆయన వెదురుబద్దా, గుడ్డసంచీ పట్టుకుని గట్టుమీద నడిచి వస్తున్నారు. చొక్కాకు ఒక బొత్తాం తప్పి పెట్టుకున్నారు. అది చూసి నేను పక్కకు తిరిగి కాసేపు కందిచేను చూశాను. కందిచేను చాలా అందంగా ఉంది. ఇంకా విత్తనం వేయలేదు.

పెద్దల ముందు మేము నేరుగా మాట్లాడుకోవడం బాగుండదు. అందుకని అవ్వ మధ్యలో కూర్చుంది.

"అవ్వా, రైల్లో జనం ఎక్కువగా ఉన్నారా అని అడుగు" అన్నాను.

అవ్వ ఆయన వైపు తిరిగి, "చిక్కిపోయినావంట. సరిగ్గా తింటాండావా అని అడుగుతాంది" అంది.

"బాగానే తింటున్నానని చెప్పండి."

అవ్వ నా వైపు తిరిగి, "నువ్వు లేక ముద్ద దిగడంలేదంట" అంది.

మేమిద్దరం రెండు మూరల దూరంలో కూర్చున్నాం. అన్నీ ఇద్దరికీ వినబడుతున్నాయి. ఎవరమూ సవరించలేదు.

తిన్నాక ఆయన సంచిలోంచి గాలం తీశారు. బెంగళూరులో పాతపుస్తకాల అంగట్లో దొరికిన ఇంగ్లీషు పత్రికలో బొమ్మ చూసి చేశారట. గొడుగు కమ్మిని తెరిచిన పిన్నీసులా వంచి, వంపు దగ్గర దారం కట్టారు. కింది కొసకు సీసపు ముద్ద, దానికి కొక్కెం. పై కొసకు పలచటి ఇత్తడి రేకు. రేకు గిర్రున తిరగాలంటే మధ్యలో తిరిగే కొండీ ఒకటి ఉండాలి. దాన్ని హిందూపురంలో ఒక ఆచారి చేసిచ్చాడు. చేసిచ్చి, "రెండో చెవిది ఎప్పుడు కావాల?" అని అడిగాడట.

కొక్కేన్ని దాస్తూ చుట్టూ పట్టుదారాలు కుచ్చులా కట్టి ఉన్నాయి. వంకాయ రంగు, మధ్యలో రెండు పసుపు. ధర్మవరంలో నేయించిన నా పెళ్ళిచీర కొంగు కుచ్చులవి. చీర హిందూపురంలో పెట్టెలో ఉంది. నాకు కోపం రావలసిన సందర్భం అని గుర్తించాను. ఎంత వెదికినా రాలేదు.

అప్పుడే తన గొర్రెలకు, ఎద్దులతో నీళ్ళు తోడే కపిల తొట్టిలో నీళ్ళు తాపడానికి చౌడక్క వచ్చింది. ఊళ్ళో ఏ విషయమైనా చౌడక్కకు తెలిస్తే ఇక దండోరా అవసరం లేదు.

"ఏం సామీ, చేపకు కమ్మలు పెడతాండావా? చెవులు యాడుండాయో చూసినావా?"

"పట్టినాక చూస్తాను" అన్నారాయన.

"పడితే కదా! నీవు పట్టేకొచ్చిన చేప ఆ గట్టున చీరగట్టుకొని కూర్చోనుండాది."

నాయన ఆకాశం వైపు చూశాడు. అక్కడ మబ్బు కూడా లేదు.

ఆయన మెట్లు దిగి నీళ్ళకు మూరెడు పైన నిలబడ్డారు. అంత ఎండలోనూ బావి అడుగున పచ్చగా, చల్లగా ఉంది. గాలాన్ని ఎదుటి గోడదాకా విసిరి, దారాన్ని చేత్తో లాగుతూ వచ్చారు. రేకు గిరగిరా తిరిగింది. చూడముచ్చటగా ఉంది. కానీ బావి వెడల్పు ఎంత? నాలుగు గుంజులు గుంజేసరికి గాలం కాళ్ళ దగ్గరికి వచ్చేస్తోంది. ముప్పైసార్లు విసిరారు. ముప్పైసార్లూ వచ్చింది, ఒంటరిగా.

తరువాత లోతుకు వదిలి చూశారు. నేను పైనుంచి వంగి చూస్తున్నాను. దిగేటప్పుడు గాలం పక్కకు ఒరిగిపోతోంది. పొడుగాటి పై కమ్మి దారానికి చుట్టుకుంటోంది. రేకు తిరగడం మానేసి ఎండుటాకులా పడిపోతోంది.

"అవ్వా," అన్నాను, "లాగితే తిరుగుతోంది, దిగేటప్పుడు తిరగడంలేదు. ఈ బావిలో లాగే చోటు లేదు, దిగే చోటే ఉంది. దిగేటప్పుడు తిరగాలంటే ఏం చేయాలో ఆ పత్రికలో ఉందేమో అడుగు."

అవ్వ బావిలోకి వంగి, "నువ్వంటే ప్రాణమంట!" అని కేకేసింది.

ఆయన గాలాన్ని పైకి లాగేశారు. నా మాటలూ వినబడ్డాయి కాబట్టి పైకొచ్చి అవ్వతో చెప్పారు. "ఉందండీ. తక్కువ లోతు నీళ్ళకు పొడుగు కమ్మి, లోతు నీళ్ళకు పొట్టి కమ్మి అని ఉంది. పై కమ్మి పొట్టిగా ఉంటే సీసం నిటారుగా దిగుతుంది, రేకు దాని నెత్తిన తిరుగుతూ పోతుంది. నేను చెరువు కదా అని పొడుగుది చేశాను. తుంచడానికి పట్టుకారు తేలేదు."

చౌడక్క తొట్టిమీద కూర్చుంది. గొర్రెలు తాగేసి చాలాసేపయింది. నాయన రైలు టైము అయిందేమోనని ఎండను చూస్తున్నాడు.

నేను అవ్వ వక్కాకు సంచిలోంచి అడకత్తెర తీసి ఆయన చేతిలో పెట్టాను. అవ్వ ద్వారా పెట్టలేదు, నేరుగా పెట్టాను. పెట్టడానికి కొంచెం ఎక్కువసేపే పట్టింది.

"అది మా అమ్మ ఇచ్చిందే!" అంది అవ్వ. అంతలోనే టప్పున కమ్మి తెగింది. అడకత్తెర నోట్లో గోధుమగింజంత సొట్ట పడింది. ఆయన కమ్మి కొసను రాయిమీద ఆనించి రాతితోనే సున్నాలా వంచి, కొండీ తగిలించారు. ఇప్పుడు పై కమ్మి నా చిటికెనవేలంత ఉంది.

మళ్ళీ మెట్లు దిగి గాలం గోడవారగా దించారు. ఈసారి అది ఒరగలేదు. తిన్నగా దిగింది. ఇత్తడి రేకు తళుక్కు తళుక్కుమంటూ లోతుకు పోయింది, దాని కింద నా పెళ్ళిచీర కుచ్చులు విచ్చుకుంటూ ముడుచుకుంటూ పోయాయి. రెండుసార్లు అడుగుదాకా పోయి వచ్చింది. మూడోసారి సగం దిగాక మెరుపు ఆగిపోయింది.

"రాతికి తగులుకున్నట్టుంది" అన్నారాయన.

రాయి పక్కకు పరుగెత్తింది.

తరువాత జరిగింది నాకు వరుసగా గుర్తులేదు. ఆయన ఒక మెట్టు జారారు. నేను నాలుగు మెట్లు దిగాను. నాయన, పంచె ఎగగట్టకుండానే, పది మెట్లు దిగాడు. "వదలొద్దు, వదలొద్దప్పా! గుంజొద్దు, అట్ల పట్టుకో!" అని అరుస్తున్నాడు. మా నాయన అంత గట్టిగా అరవడం నేను పెళ్ళిపందిట్లో కూడా వినలేదు. నా కొంగు నీళ్ళలో పడింది. చివరికి ఆ కొంగుతోనే ఒడిసిపట్టాం, ముగ్గురం కలిసి.

మోచెయ్యి పొడుగున్న కొర్రమీను. గట్టున పడేస్తే పాములా పాకుతూ మళ్ళీ బావి వైపే పోబోయింది. అవ్వ దాని మీద క్యారియరు బోర్లించింది. తల మాత్రమే పట్టింది.

చౌడక్క దగ్గరికొచ్చి అన్నివైపులా చూసింది. "చేపే" అని ఒప్పుకుంది. తరువాత కొంచెం తేరుకుని, "చెవులైతే లేవు" అంది.

ఆయన తడిసిన చొక్కాతో నిలబడి నా వైపు చూశారు. అవ్వ ఈసారి మా మాటలు మోయకుండా అడకత్తెర సొట్టను తడుముకుంటూ కూర్చుంది.

నాయన పంచె పిండుకుంటూ, ఊరికి వినబడాలంటే ఎవరి ముందు మాట్లాడాలో తెలిసిన మనిషి కనక, చౌడక్క వైపు తిరిగి మాట్లాడాడు. "ఈ రాత్రికి అల్లుడు స్టేషను పక్క సత్రంలో పడుకుంటాడు. రేపు పొద్దున తొలి బస్సుకు కనగానపల్లికి పోతాడు. ఆడ మా బావమరిది బావిలో ఇంతకన్నా పెద్దవి ఉండాయంట. అల్లునికి దారి తెలీదు, నీలావతి పోయి చూపిస్తుంది."

"ఆ బావి ఎండి రెండేండ్లాయ కదన్నా" అంది చౌడక్క.

"ఎండిందో లేదో వాళ్ళే చూసుకొని వస్తారులే రేపు" అన్నాడు నాయన. "అమ్మా, నీవు మాత్రం ఇంట్లోనే ఉండు."