పిడి మీద రెండో చెయ్యి

పొద్దున్నే ఆవులకు గడ్డి వేసి, స్టవ్ మీద కాఫీ పెట్టి, ఆర్డిస్ షెడ్డులోకి వెళ్లేది. అక్కడ బల్లకు బిగించిన, తూటాలు తయారుచేసే ప్రెస్సు పిడి వెచ్చగా ఉండేది. ఆగస్టులో ఆమె భర్త లేలండ్ పోయినప్పటి నుంచీ అంతే. బిటర్‌రూట్ లోయంతా మంచు కురుస్తున్నా, ఆ పిడి అప్పుడే ఎవరో వదిలివెళ్లినట్టు ఉండేది. పిల్లి దాని కిందే పడుకునేది. ఉత్తరాలు తెచ్చే మనిషి కూడా లోపలికొచ్చి చేతులు కాచుకుని పోయేవాడు.

ఆర్డిస్ పిడి పట్టుకుంటే ఆమె చేతి మీద లేలండ్ చెయ్యి పడేది.

ఇంట్లో ఉన్నది మామగారి నాటి రైఫిల్. దానికి తూటాలు కొట్లలో రావడం ఎప్పుడో మానేశాయి. ఖాళీ ఇత్తడి గొట్టాల్లో మందు పోసి, మూతిలో గుండు కూర్చోబెట్టి, లేలండే చేసేవాడు. ఈ ఏడు ఆర్డిసే చెయ్యాలి. వేట రోజులు ముగిసేలోగా ఒక్క ఎల్క్ దుప్పి అయినా పడకపోతే చలికాలానికి మాంసం ఉండదు. అప్పుడిక ఆవుల్ని అమ్మేసి స్పొకేన్‌లో చెల్లెలి ఇంటికి పోవడమే. చెల్లెలు ఇప్పటికే ఒక గది ఖాళీ చేసి పెట్టింది.

తూటాలేమో కుదరడం లేదు. ఒకదాంట్లో గుండు మరీ లోతుకు దిగిపోతోంది. ఇంకోదాంట్లో పైకే ఉండిపోయి, రైఫిల్ బోల్టు మూసుకోవడం లేదు.

ఆదివారం లేలండ్ వాళ్లన్నయ్య హాల్వర్ చర్చి నుంచి నేరుగా వచ్చాడు.

"ఎక్కడ కొలుస్తున్నావ్?"

"మొన దగ్గర, బావగారూ."

"అదే మరి! సీసం మొన ఒక్కోటి ఒక్కోలా నలిగి ఉంటుంది. కిందికి, గుండు వంపు మొదలయ్యే భుజం దగ్గర కొలవాలి. మావాడు నీకు అదీ చెప్పలేదా?"

"నేనడగలేదు. ఆయన చేస్తుంటే కాఫీ అందించేదాన్ని."

"ఆ కాఫీ కూడా పల్చనే."

భుజం దగ్గర కొలిచినా తేడా పోలేదు. హాల్వర్ గొట్టాల మూతులు గీరి నునుపు చేశాడు. ప్రెస్సులో గుండును నొక్కే అచ్చు విప్పి లోపల పేరుకున్న జిడ్డు కడిగాడు. మళ్లీ నొక్కమన్నాడు. అయినా అంగుళంలో వెయ్యోవంతులు ఇరవై దాకా తేడా.

ఈసారి ఆమె నొక్కుతుంటే తనూ చెయ్యి ఆనించి చూశాడు. చప్పున తీసేశాడు.

"తప్పు అచ్చుది కాదమ్మా. నువ్వు నొక్కితే వాడూ నొక్కుతున్నాడు. నువ్వు తటపటాయిస్తే వాడు పైకి లాగుతున్నాడు. పిడి మీద ఒక్క చెయ్యే ఉండాలి."

"అయితే నేను తీసేస్తాను. ఆయన్నే చెయ్యనివ్వండి."

ఆమె చెయ్యి తీసేసింది. పిడి సగం దాకా దిగి, వణికి, ఆగిపోయింది.

"చూశావుగా. వాడిలో ఇక అంత బలం లేదు," అన్నాడు హాల్వర్. "వదిలెయ్యమని నువ్వే చెప్పు. నా మాట చిన్నప్పుడే వినలేదు వాడు." గొడ్డలి తీసుకుని, అడగని కట్టెలు కొట్టడానికి బయటికి పోయాడు.

ఆర్డిస్ మళ్లీ పిడి పట్టుకుంది. ఇద్దరూ కలిసి ఒక్క తూటా నొక్కారు. గుండు బాగా లోతుకు దిగిపోయింది, కాల్చడానికి పనికిరాదు. దాన్ని కోటు జేబులో వేసుకుంది.

"ఇక వదిలెయ్, లేలండ్. నాకు వచ్చేసింది."

రాలేదని ఆయనకీ తెలుసు. అయినా ఒక్కో వేలే వదిలాడు, చిటికెన వేలు ఆఖరున. పిడి చల్లటి ఇనుమైపోయింది. పిల్లి లేచి, ఒళ్లు విరుచుకుని, బయటికెళ్లిపోయింది.

ఆ తర్వాత చేసిన తూటాలన్నీ ఒకే కొలతకొచ్చాయి.

వేట ఆఖరి రోజు, తెల్లవారుతుండగా, ఫర్ చెట్ల మధ్య నుంచి ఎల్క్ బయటికొచ్చి నిలబడింది. ఆర్డిస్ రైఫిల్ ఎత్తింది. చలికి వేలు కొయ్యబారి, ట్రిగ్గర్ మీద వంగలేదు. చెయ్యి జేబులో పెట్టుకుంది. ఆ పనికిరాని తూటా అక్కడుంది, కోడి కింద నుంచి అప్పుడే తీసిన గుడ్డంత వెచ్చగా. వేలికి ప్రాణం వచ్చేదాకా దాన్ని పట్టుకుంది. అప్పుడు కాల్చింది.

మాంసం హాల్వర్ గుర్రాల మీద ఇంటికొచ్చింది.

"ఒక్క దెబ్బకేనా?"

"ఒక్కటే, బావగారూ."

"వెళ్లి కాఫీ పెట్టు. పల్చగా ఉన్నా తాగుతాను."

ఆర్డిస్ చెల్లెలికి ఫోన్ చేసి, ఆ గదిలో కుట్టుమిషను మళ్లీ వేసుకోమంది. కోటు తగిలించబోయి జేబులో చెయ్యి పెట్టింది. తూటా చల్లబడిపోయింది. దాన్ని గుప్పిట్లో పట్టుకుని, తన వేడి దానికి ఎక్కేదాకా అక్కడే నిలబడింది.