తడి తక్కువ కాంక్రీటు

మేస్త్రీకి ముప్ఫై ఎనిమిదేళ్ళ అనుభవం. కాంక్రీటంటే జావలా జారాలని, కడ్డీల సందుల్లో దూరాలని ఆయన నమ్మకం. ఆ ఉదయం లారీ దింపిన సరుకు చూసేసరికి మతి పోయినంత పనైంది. పొడిపొడిగా, కాస్త చెమ్మ తగిలిన మట్టిలా ఉంది. కింద కడ్డీ లేదు. తారురోడ్డు వేసే యంత్రం దాన్ని పరుస్తుంటే వెనకే రోలరు తొక్కుకుంటూ వస్తోంది. కాంక్రీటు మీద రోలరేమిటి? ఇంట్లో చెబితే నవ్వుతారు.

ఇంట్లో చెప్పడానికీ లేదు. ఇక్కడి ఇంజనీరు సాక్షాత్తూ ఆయన కోడలే. ఫ్యాక్టరీల చెత్త తెచ్చి వేరుచేసే యార్డు ఇది. పాత తారు నేలను చెత్త ఎత్తే లోడర్ల ఇనుప తొట్లు గీకి గీకి గుంటలు చేస్తే, వాటిలో నల్లటి మురుగు నిలిచేది. అందుకే ఈ కొత్తరకం నేల. "మా మామయ్యగారి కంటికి లోపం దాగదు" అని కోడలు పైవాళ్ళను ఒప్పించి, మోకాళ్ళ నొప్పులతో ఇంట్లో కూర్చున్న మనిషిని పనిలో పెట్టింది. ఒక్కటే షరతు. గేటు దాటి లోపలికొచ్చాక ఆమె ఇంజనీరుగారు, ఆయన మేస్త్రీగారు.

"ఇంజనీరుగారూ, ఇందులో నీళ్ళు మర్చిపోయినట్టున్నారు."

"మర్చిపోలేదు మేస్త్రీగారూ. గుప్పిట్లో నొక్కితే ముద్దవ్వాలి, అరచెయ్యి తడవకూడదు. అంతే."

నొక్కి చూశాడు. ముద్దయింది. చెయ్యి తడవలేదు. తల ఊపాడు గానీ, ఏం అర్థమై ఊపాడో ఆయనకే తెలియదు.

కాసేపటికి కోడలు ఆఫీసు గదికి వెళ్ళింది. రోలరు నడిపే అతన్ని అందరూ నత్త అంటారు. నత్త డీజిల్ కోసం బండి పక్కకు తీశాడు. ఎండ చురుక్కుమంటోంది. పరిచి ఇంకా తొక్కని పట్టీ తెల్లబారుతున్నట్టు మేస్త్రీకి కనిపించింది. పిల్ల చదువుకున్నదే, కాదనం. రేపు ఈ నేల పిండిలా రాలితే మాట పడేది ఎవరు, ఆ పిల్లే కదా? ఆ ఊహ వచ్చాక ఇక ఆగలేదు. పైపు తీసుకుని పది గజాల మేర తడిపేశాడు. పాపం, అంతా ప్రేమతోనే.

నత్త వచ్చి అక్కడ తొక్కాడో లేదో, నేల బురదలా పక్కలకు ఉబ్బి, ముద్దలు ముద్దలుగా రోలరుకు అంటుకుంది. నత్త బండి ఆపి తల గోక్కున్నాడు.

"ఇందాకటి దాకా బానే ఉందిగా, దీనికేమైంది?"

కోడలు పరుగున వచ్చింది. "నీళ్ళెవరు పోశారు?"

నత్త ఒకసారి పైపు కేసి, ఒకసారి పెద్దాయన కేసి చూశాడు. "కాంక్రీటు ప్లాంటువాళ్ళే నీళ్ళు ఎక్కువ కలిపి పంపుంటారండీ."

లారీలన్నీ ఆపమనడానికి కోడలు ఫోను తీసింది. అబద్ధం ఎక్కడిదాకా పోతోందో అప్పుడు గానీ మేస్త్రీకి తెలిసిరాలేదు.

"నేనే పోశాను. ఎండిపోతోందని..."

ఆమె ఆయన వైపు చూడలేదు. "ఇదంతా తీసేసి, గంటలోపు కొత్తది పరవాలి. ఆలస్యమైతే పక్కదానితో అతకదు," అంది పనివాళ్ళతో.

అందరికంటే ముందు మేస్త్రీయే పార పట్టాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. రేపట్నుంచి ఇంట్లోనే ఉండమంటుంది, అననీ. మొదటి రోజే కొంప ముంచినవాణ్ణి ఎవరు ఉంచుకుంటారు?

కొత్త సరుకు వచ్చింది, అంతే పొడిగా. నత్త తొక్కాడు. మేస్త్రీ అనుమానంగా కాలు పెట్టి చూశాడు. అప్పుడే బండలా ఉంది. ఎలాగో అంతుబట్టలేదు.

రోలరు పక్కకు జరగగానే కోడలు పైపు తెచ్చింది. "ఇప్పుడు తడపండి."

మేస్త్రీ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "ఇందాక పోస్తే తప్పన్నారు."

"అది తొక్కకముందు. తొక్కాక ఏడు రోజులు ఆరనివ్వకూడదు. ఆరితే పైపొర రాలిపోతుంది."

"ఇంకెవరికైనా ఇవ్వండి ఇంజనీరుగారూ. నా చేతి మీద నాకే నమ్మకం పోయింది."

నత్త వింటూనే ఉన్నాడు. గేటు లోపలే ఉన్నారు. అయినా ఆమె పైపు ఆయన చేతిలో పెట్టింది.

"ఎండిపోతుందేమోనని భయపడే మనిషే దీనికి కావాలి. పట్టుకోండి మామయ్యా."

గంట కింద తప్పయిన నీళ్ళు ఇప్పుడెలా ఒప్పయ్యాయో ఆయనకింకా సరిగా అర్థం కాలేదు. మోచేత్తో కళ్ళు తుడుచుకుని, పైపు మూతికి బొటనవేలు అడ్డం పెట్టి, సన్నగా చల్లడం మొదలుపెట్టాడు.