మొద్దుబారని పన్ను

నాకు పన్ను నొప్పి వచ్చి ఇంట్లో అందరికీ కాలక్షేపం దొరికింది. కొండదారిలో పెద్ద బస్సుని అవలీలగా తిప్పే మనిషి, ఇద్దరు పళ్ళ డాక్టర్ల కుర్చీల్లోంచి లేచి పారిపోయాడంటే ఎవరికైనా నవ్వు రాదూ? మా ఆవిడైతే కనబడ్డవాళ్ళందరికీ ఈ కథ చెప్పింది. నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ నేను నిజంగానే పిరికివాడినేమోనన్న అనుమానం లోపల నాకూ పట్టుకుంది.

ఆ డాక్టర్లిద్దరూ చేసింది ఒకటే. మత్తు సూది వేశారు. పెదవి మొద్దుబారిందా అని అడిగారు, బారిందన్నాను. మెషిన్ పంటికి తగలగానే నాకు ప్రాణం పోయినంత పనైంది. "పెదవి మొద్దుబారాక పన్నెలా నొప్పి పెడుతుందండీ? అంతా మీ భయం" అన్నాడొకాయన. రెండో ఆయన ఆ మాత్రం కూడా అనలేదు, నర్సు వైపు చూసి నవ్వాడు.

మా కోడలు కూడా పళ్ళ డాక్టరే. కోడలి ముందు నోరు తెరుచుకుని పడుకోవడం నామోషీ అనిపించి అన్నాళ్ళూ తప్పించుకు తిరిగాను. చివరికి రాత్రీ పగలూ నిద్ర లేక ఆమె క్లినిక్‌కే వెళ్ళాను. పంటికి ఎక్స్‌రే తీసి చూసింది. పంటి లోపలి నరం బాగా వాచిపోయిందట. వేర్లు శుభ్రం చేస్తే పన్ను నిలుస్తుంది, ఈసారీ మధ్యలో లేచిపోతే ఇక పీకించుకోవడమే అని మొహమాటం లేకుండా చెప్పింది. ఇక చచ్చినా కుర్చీ దిగకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

సూది ఎంత నెమ్మదిగా వేసిందంటే, అయిపోయిందని ఆమె చెప్తేనే తెలిసింది. పెదవి మొద్దుబారింది. అయినా మెషిన్ జోలికి పోలేదు. దూదికి ఏదో చల్లటి మందు కొట్టి పంటికి ఆనించింది.

"చల్లగా తగిలిందా మామయ్యా?"

తగలడమా! బుర్రలో పిడుగు పడింది. కానీ మూడోసారి, అదీ కోడలి ముందు, పరువు పోగొట్టుకోలేను కదా.

"అబ్బే, ఏమీ లేదు. కానియ్యి తల్లీ" అన్నాను.

ఆమె దూది పక్కన పెట్టేసి నా పాదాల వైపు చూసింది. పది వేళ్ళూ ముడుచుకుపోయి ఉన్నాయి.

"మీరు అబద్ధం చెప్పారు మామయ్యా."

"అబద్ధమేంటి? ఓర్చుకుంటాను, నువ్వు కానియ్యి."

"ఓర్చుకోమని నేనడగలేదే! మీరు నిజం చెప్పకపోతే మందు ఎక్కడ చాల్లేదో నాకెలా తెలుస్తుంది?"

ఆ తర్వాత నా పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. "వాచిన నరానికి మందు అంత తేలిగ్గా పట్టదు మామయ్యా. కింది దవడలో నరం ఎముక లోపల్నుంచి వస్తుంది. దాని దారి అందరికీ ఒకేలా ఉండదు, కొందరికి పక్కనుంచి ఇంకో చిన్న నరం కూడా వస్తుంది. పెదవికి పట్టిందంటే పంటికీ పట్టిందని కాదు."

"మరి భయం అన్నారే వాళ్ళు?"

"భయం ఉంటే మందు పనిచేయడం ఇంకా కష్టమే. కానీ రెండుసార్లు అంత నొప్పి పెట్టాక భయపడరా ఎవరైనా? మీ భయం తర్వాత సంగతి. ముందు ఆ నొప్పి నిజం."

నా నొప్పి నిజమని అన్నవాళ్ళు అప్పటిదాకా ఒక్కరూ లేరు. ఇంత మీసం పెట్టుకుని కోడలి ముందు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. ఆమె చూడనట్టు సూదిలో మందు ఎక్కించుకుంటూ కూర్చుంది. అంత పద్ధతి ఏ చదువులో నేర్పుతారో నాకు తెలీదు.

ఈసారి పంటికీ చిగురుకీ మధ్య సూది వేసింది. బయట ఇంకో పేషెంటు విసుక్కుంటున్నారని కౌంటర్ అమ్మాయి తలుపు తీసి చెప్తే, "ఇంకాస్త కూర్చోమనండి, మందు పట్టాలి" అంది. మళ్ళీ దూది పెట్టింది. ఏమీ తెలియలేదు. మళ్ళీ పెట్టింది. ఏమీ లేదు. నా మాట విని, నా కాలివేళ్ళు కూడా చూసుకుని, అప్పుడు మెషిన్ అందుకుంది.

"ఏ కాస్త తెలిసినా చెయ్యెత్తండి. ఆపేస్తాను."

అలా అందరూ అంటారులే అనుకున్నాను. మెషిన్ తిరగడం మొదలైంది. నొప్పి లేదు, కేవలం చప్పుడే. అయినా నా బుద్ధి ఊరుకుంటుందా? చెయ్యెత్తాను. చప్పుడు ఠక్కున ఆగింది.

"ఎక్కడ మామయ్యా?"

మొద్దుబారిన నోటితో అతికష్టం మీద చెప్పాను. "నొప్పేం లేదు. ఆపుతావో లేదో చూద్దామని."

కోప్పడుతుందనుకున్నాను. "ఎన్నిసార్లైనా చూసుకోండి, ఆపుతాను" అంది.

మళ్ళీ చెయ్యెత్తలేదు. ఆ తర్వాత ఏం జరిగిందో నాకు తెలీదు. ఎవరో భుజం తట్టి లేపితే కళ్ళు తెరిచాను. పని అయిపోయింది.

"ఇంత హాయిగా నిద్రపోయే పేషెంటుని నేనెక్కడా చూళ్ళేదు మామయ్యా" అంది మా కోడలు గ్లవుజులు తీసేస్తూ. "మీ నోరు మూతపడిపోకుండా పళ్ళ మధ్య రబ్బరు ముక్క పెట్టాల్సొచ్చింది."