ఐదో నంబరు గాలిలో కెమెరా పరీక్ష

2007 మార్చి 22, గురువారం, ఉదయం పదకొండుంబావు. గన్‌ఫౌండ్రీలోని ఒక ప్రభుత్వ కార్యాలయం మూడో అంతస్తులో ముగ్గురు సభ్యుల కమిటీ రెండు చిన్న కెమెరాలను స్టాండుకు కట్టి, పైన ఫ్యాను ఐదో నంబరులో పెట్టి, అవి కదలలేదని నిర్ధారించింది. కార్యాలయం ఫొటోగ్రాఫర్ రూఫస్ ఆ సమయంలో తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

పరీక్ష అతను అడిగిన కెమెరాకే జరిగింది.

రూఫస్‌కు యాభై ఆరేళ్లు. సొంత ఊరు మెదక్, ఉండేది సికింద్రాబాద్. 1979లో ఉద్యోగంలో చేరాడు. ఫుట్‌పాత్‌ల మీద ఎవరు ఎంత మేర ముందుకు జరిగారో కార్యాలయం తనిఖీ చేస్తుంది. ఆ తనిఖీకి మొదట ఫొటోలు, తర్వాత వీడియో తీయడం అతని పని. రిటైర్మెంటుకు పద్నాలుగు నెలలుంది. రెండేళ్లుగా అతని కుడి చెయ్యి వణుకుతోంది. ఆ విషయం అతను కార్యాలయంలో ఎవరికీ చెప్పలేదు. క్యాంటీన్‌లో అతనికి చాయ్ సగం కప్పే పోస్తారు. అలా పొయ్యమని అతను అడగలేదు. ఎందుకు పోస్తున్నారో వాళ్లూ చెప్పలేదు.

జనవరిలో నాంపల్లి కోర్టులో ఒక కేసు విచారణకు వచ్చింది. స్టేషన్ రోడ్డులో పదహారు దుకాణాలు ఫుట్‌పాత్ మీదికి వచ్చాయన్నది అభియోగం. రూఫస్ తీసిన వీడియోను సీడీ మీద ఎక్కించి ఇచ్చారు. కోర్టు హాలులో టీవీ పెట్టి చూశారు. ఒక్క దుకాణం పేరు కూడా చదవడానికి వీల్లేకపోయింది. తెరలోని దుకాణం తనది కాదేమోనని ఒక యజమాని అనుమానం వెలిబుచ్చాడు. సీడీ వెనక్కి వచ్చింది. వారం తర్వాత రూఫస్‌కు మెమో వచ్చింది. ఏప్రిల్‌లో మళ్లీ తనిఖీ ఉంటుంది, ఆ వీడియో కూడా పనికిరాకపోతే అతన్ని రికార్డు గదికి మార్చి, వీడియో పని బయటివాళ్లకు ఇస్తామన్నది మెమో సారాంశం. రికార్డు గదిలో అప్పటికే ఇద్దరున్నారు. వాళ్లకూ పని లేదు.

ఫిబ్రవరి రెండో వారంలో ఒక మధ్యాహ్నం, భోజనం వేళలో, రూఫస్ ఆబిడ్స్‌లోని ఒక కెమెరాల దుకాణానికి వెళ్లాడు. దుకాణం కిషన్‌ది. రూఫస్ అతని దగ్గర ఫిల్ము కొన్న రోజుల నుంచీ పరిచయం. కిషన్ అరచేతిలో పట్టే రెండు కెమెరాలు బల్ల మీద పెట్టాడు.

“రూఫస్ సాబ్, గిది పట్టుకోండి. దీంట్ల వణుకు ఆపే మిషిన్ ఉన్నది. లోపల అద్దం కదుల్తది. మీ చెయ్యి ఇటు పోతే అది అటు పోతది.”

“నా చెయ్యి ఎటూ పోదు కిషన్.”

“ఔ సాబ్. మాటవరసకు చెప్పిన.”

“రెండో దాంట్ల?”

“గా మిషిన్ లేదు. వీడియో మాత్రం రెండిటికీ ఒక్కటే, సెకనుకు ముప్పై బొమ్మలు. అబద్ధమెందుకు, రంగులు రెండో దాంట్లనే జర మంచిగుంటయ్. ఎండల నుంచి నీడలకు పోతే మొదటిది జరసేపు తడబడ్తది. మీకు రంగులు గావాల్నా, నిలకడ గావాల్నా?”

“కోర్టుకు పేర్లు గావాలె.”

రూఫస్ మొదటి కెమెరా పట్టుకుని, దుకాణం నుంచి పెద్ద పోస్టాఫీసు దాకా బోర్డులు తీసుకుంటూ నడిచాడు. నాలుగు నిమిషాలు పట్టింది. వెనక్కి వచ్చి, రెండో కెమెరాతో మళ్లీ అదే దారిలో నడిచాడు. కిషన్ రెండింటినీ దుకాణంలోని టీవీలో వేశాడు. మొదటి దానిలో అక్షరాలు నిలబడ్డాయి. చెప్పుల దుకాణం బోర్డు మీది ఫోన్ నంబరు కనిపించింది. రూఫస్ ఆ నంబరును పైకి చదివాడు. రెండో దానిలో అవే బోర్డులు కిందికీ పైకీ ఊగాయి. కిషన్ లేచి టీవీ ఆపాడు.

“ఎండకు కండ్లు గుంజుతున్నయ్ సాబ్, అందుకే ఆపిన,” అన్నాడు. టీవీ లోపలి గదిలో ఉంది.

మొదటి వీడియోను కిషన్ సీడీ మీద ఎక్కించి ఇచ్చాడు. ఆ సాయంత్రం రూఫస్ దాన్ని ఇంట్లో టీవీలో వేశాడు. అతని భార్య సుగుణమణి మిషన్ స్కూల్లో టీచరు. ఆబిడ్స్ బోర్డులను చివరిదాకా చూసింది.

“ఎవరు తీసిన్రు?”

“నేనే.”

“పో.”

సీడీని మూడుసార్లు వేశారు.

కొత్త పరికరం కావాలంటే ఒక ఫారం నింపాలి. నాలుగో గడి ‘కారణం’. రూఫస్ ఆ గడి దగ్గర ఇరవై నిమిషాలు కూర్చున్నాడు. ‘తనిఖీ స్థలంలో గాలి ఉధృతంగా ఉన్నందున కెమెరా కదులుచున్నది, కావున కదలిక నివారించు ఏర్పాటు గల కెమెరా అవసరము’ అని రాశాడు.

కమిటీ వేశారు. అధ్యక్షుడు సూపరింటెండెంట్ వామన్‌రావు. సాంకేతిక సభ్యుడు సర్వే ఇంజనీరు భావనారాయణ. మూడో సభ్యురాలు అకౌంట్స్ నుంచి వసుమతి. ముగ్గురిలో ఎవరికీ సొంత కెమెరా లేదు. వామన్‌రావు ముందుగా స్టేషన్ రోడ్డులో మూడేళ్ల గాలి వేగం వివరాలు కావాలని సంబంధిత కార్యాలయానికి ఉత్తరం రాశాడు. జవాబు రాలేదు. మార్చి నెలాఖరులోగా కొనకపోతే మంజూరు రద్దవుతుంది. అందువల్ల కార్యాలయంలో ఉన్న గాలితోనే పరీక్షించాలని తీర్మానించారు.

కిషన్ నమూనాగా రెండు కెమెరాలూ పంపాడు. భావనారాయణ సర్వే విభాగం నుంచి లెవెల్ కొలిచే స్టాండు తెప్పించాడు. అది చెక్కది, మనిషి ఛాతీ ఎత్తు ఉంటుంది, మూడు కాళ్లకూ కింద ఇనుప ములుకులున్నాయి. దాని మర కెమెరాలకు పట్టలేదు. ఫైళ్లకు వాడే ట్యాగులతో రెండు కెమెరాలనూ పక్కపక్కన కట్టారు. ఎదుటి గోడకున్న క్యాలెండరును మూడు నిమిషాలు వీడియో తీశారు.

“వీడియో కదండీ, ఏదైనా కదిలేది తీస్తే బాగుంటుందేమో,” అంది వసుమతి.

“కదిలేటిది తీసినమనుకో మేడమ్, బొమ్మ మసక వచ్చిందనుకో. తప్పు కెమెరాదా, కదిలినోనిదా?” అన్నాడు వామన్‌రావు. “రేపు ఆడిట్‌ల అడిగితే ఏమని చెప్తం?”

రూఫస్ తలుపు దగ్గర నుంచి ముందుకు వచ్చాడు.

“సార్, చేత్తో పట్టుకొని చూడాలె. స్టాండుకు కడ్తే రెండూ ఒక్కటే.”

“గాలి అని నువ్వే రాసినవ్ గదా. గాలి పెట్టినం. ఇంకేం గావాలె?”

“ఎవరి చేత్తో పట్టుకోమంటావయ్యా?” అన్నాడు భావనారాయణ. “నా చెయ్యి ఒకలా ఉంటుంది, మేడమ్ గారి చెయ్యి ఒకలా ఉంటుంది. పరీక్ష అన్నాక ఒక ప్రమాణం ఉండాలా వద్దా? ఈ స్టాండు ముప్పై ఏళ్ల నుంచీ ఒకలాగే ఉంది.”

“వాడేది ఆయనే కదండీ,” అంది వసుమతి. “ఆయన చేత్తోనే చూస్తే సరిపోదూ?”

వామన్‌రావు ఫైలు వైపు చూశాడు. భావనారాయణ ఫ్యాను వైపు చూశాడు. వసుమతి ఆ కార్యాలయానికి బదిలీ మీద వచ్చి రెండు నెలలే అయింది.

“గాలి కాదు సార్,” అన్నాడు రూఫస్. “నా చెయ్యి.”

వామన్‌రావు కలానికి మూత పెట్టాడు.

“ఫ్యాను సప్పుడుకు వినబడలే.”

“నా చెయ్యి సార్...”

“వినబడలే అంటున్న గద. వింటే రాయాలె. రాస్తే నిన్ను దవాఖానకు పంపాలె, మెడికల్ బోర్డు ముంగట నిలబెట్టాలె. చెయ్యి వణుకుతదని ఆడికెళ్లి కాయిదం వచ్చినంక ఫొటోగ్రాఫర్‌వని ఎట్లంటరు? ఎన్ని నెలలున్నయ్ నీకు?”

“పద్నాలుగు.”

“మరి? గాలే మంచిగున్నది.”

“గాలైతే ధర తక్కువని రెండో కెమెరానే వస్తది గద సార్. దాంతోటి తీస్తే మళ్ల గదే సీడీ. రికార్డు గదికి పంపుతరు.”

“ఏప్రిల్ సంగతి ఏప్రిల్‌ల చూద్దాం. గిప్పుడేం ఫికర్ చెయ్యకు.”

“ఇంతకీ ఫ్యాను ఆపొచ్చా?” అని అడిగాడు భావనారాయణ. “కాగితాలు ఎగిరిపోతున్నాయి.”

ఫ్యాను ఆపారు. చాయ్ వచ్చింది. మూడు కప్పులు నిండుగా, ఒకటి సగం. వసుమతి సగం కప్పును చూసింది, రూఫస్ చేతిని చూసింది, తర్వాత తన కప్పు తీసుకుంది.

వీడియో నాణ్యత తేల్చడం మిగిలింది. ఫైలులో చేర్చడానికి కాగితం కావాలి. ఒక్కో వీడియో నుంచి నాలుగేసి బొమ్మలు అచ్చు వేయించారు. ఎనిమిది కాగితాలనూ బల్ల మీద పరిచి చూశారు. కాగితం మీద ఏదీ కదలలేదు. క్యాలెండరులో ఎరుపు రంగు రెండో కెమెరా బొమ్మల్లో బాగుందని ముగ్గురూ అంగీకరించారు. పరీక్ష వీడియోలు ఎక్కించిన సీడీకి మధ్యలో రంధ్రం ఉంది కాబట్టి దాన్నీ ట్యాగుకు గుచ్చారు. అది ఫైలులో ముప్పై ఒకటో పేజీ.

నివేదిక ఒకటిన్నర పేజీ. ఐదో నంబరు గాలిలో రెండు కెమెరాలూ కదలలేదు, రంగులు రెండో దానిలో మేలు, ధర కూడా రెండో దానికే తక్కువ, కాబట్టి రెండోది కొనవచ్చు. కింద వసుమతి ఒక వాక్యం చేర్పించింది: కెమెరాను పరీక్షించిన స్థితిలోనే, అనగా స్టాండుపైననే, వాడవలెను. వామన్‌రావు ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివి సంతకం చేశాడు. మార్చి 28న కెమెరా కొన్నారు. మొదటి కెమెరా కిషన్ దుకాణానికి తిరిగి వెళ్లింది.

ఏప్రిల్ 11, బుధవారం, నాంపల్లి స్టేషన్ రోడ్డులో తనిఖీ. ఆ రోజు గాలి లేదు. రూఫస్ పది గంటల ఐదు నిమిషాలకు ఆటోలో స్టాండు దించించాడు. ఫుట్‌పాత్ బండల సందులో మట్టి ఉన్నచోట మూడు ములుకులూ దిగేశాడు. కెమెరాను ట్యాగులతో కట్టడానికి పావుగంట పట్టింది. ముడి వేసింది ఆటో డ్రైవరు. వామన్‌రావు, భావనారాయణ వచ్చేసరికి పదకొండూ ఇరవై. ఆబిడ్స్‌లో ట్రాఫిక్ ఆగిపోయిందని చెప్పారు.

రూఫస్ మీట నొక్కి, రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో పెట్టుకున్నాడు. భావనారాయణ టేపు పట్టి మొదటి దుకాణం కొలిచాడు. తెరలో దుకాణం పేరు, టేపు మీది అంకెలు కనిపించాయి.

జాబితాలో రెండో పేరు చాయ్ బండి నడిపే బుజ్జమ్మది. ఆమె గ్లాసులు కడగడం ఆపి కెమెరా ముందుకు వచ్చింది.

“సారూ, నా బండికి చక్రాలున్నయ్. జరుపుమంటే జరుపుత. గీ మూడుకాళ్లది పొద్దుగాల్నుంచి గీడనే పాతుకున్నది. దీన్ని రాయరా?”

“గది సర్కారుది అమ్మా,” అన్నాడు వామన్‌రావు.

“సర్కారుదైతే గాలిల నిలబడ్డదా? నా జాగలనే గద నిలబడ్డది.”

“నీ జాగ ఏంది? ఇది ఫుట్‌పాత్.”

“ఆఁ, ఫుట్‌పాతే. మీ నోటితోనే అన్నరు. మరి రాయుండ్రి. గంట దాటితే కబ్జా అని పోయినసారి నాకు మీరే చెప్పిన్రు. గిది వచ్చి గంట దాటలే? అడుగుండ్రి ఆ పెద్దమనిషిని.”

పెద్దమనిషి అంటే రూఫస్. వామన్‌రావు అతని వైపు తిరిగాడు.

“ఎన్నింటికి పెట్టినవ్?”

“పది అయిదుకు సార్.”

“కెమెరా బంద్ చెయ్యి.”

“చేత్తో ముట్టుకుంటే కదుల్తది సార్. ముడి గట్టిగ లేదు.”

కెమెరా ఆపలేదు. బుజ్జమ్మ మాటలు, వామన్‌రావు మాటలు, ఫుట్‌పాత్ మీద మూడు కాళ్ల నీడ వీడియోలో నమోదయ్యాయి. మిగిలిన పద్నాలుగు దుకాణాల దగ్గరికీ ఇద్దరు కూలీలు స్టాండును మోశారు. పని మధ్యాహ్నం రెండింటికి ముగిసింది.

మర్నాడు కార్యాలయంలో సీడీ వేసి చూశారు. దుకాణాల పేర్లన్నీ చదవగలిగారు. బుజ్జమ్మ మాటలు కూడా స్పష్టంగా వినిపించాయి. ఆ భాగం తీసేస్తే సీడీలో కోత ఉందని అవతలి వకీలు అభ్యంతరం చెప్తాడని భావనారాయణ అన్నాడు. ఉంచితే జాబితా ఎందుకు అసంపూర్ణంగా ఉందని కోర్టు అడుగుతుందని వసుమతి అంది. వామన్‌రావు జాబితాలో పదహారు తర్వాత మరో వరుస గీయించాడు. పదిహేడు: మూడు కాళ్ల చెక్క నిర్మాణము, ఒకటి. ఆక్రమించిన కాలము: గంటా పదిహేను నిమిషాలు. బాధ్యుని పేరు: రూఫస్.

ఏప్రిల్ 23న నాంపల్లి కోర్టు సీడీని స్వీకరించింది. 25న రూఫస్ మీది మెమోను ఉపసంహరించారు. అతను ఫొటోగ్రాఫర్‌గానే కొనసాగుతాడని ఉత్తర్వులో ఉంది. 27న జాబితాలోని పదిహేడు మందికీ నోటీసులు వెళ్లాయి. పదిహేడోది బయటికి వెళ్లలేదు, మూడో అంతస్తు నుంచి రెండో అంతస్తులోని రూఫస్ బల్ల దగ్గరికి దిగింది. ఏడు రోజుల్లో ఫుట్‌పాత్ ఖాళీ చేయాలని అందులో ఉంది.

రూఫస్ తపాలా పుస్తకంలో సంతకం చేసి నోటీసు తీసుకున్నాడు. సంతకం చదవడానికి వీల్లేకపోవడంతో గుమస్తా దాని కింద అతని పేరును అచ్చు అక్షరాల్లో రాశాడు.