ఇసుర్రాయి పలికిన దళం

రామచంద్రయ్య ప్రొఫెసర్ పొద్దున లేస్తే ఏ పని ముందో ఏ పని వెనుకో తప్పడు. ముందు యాపపుల్ల, తర్వాత గడ్డం గీసుకునుడు, ఆ తర్వాత చాయ, చాయ తాగినంక రేడియో. పట్నంల కాలేజీ మూతపడి ఆలేరు దగ్గరి సొంతూరికి వచ్చినా ఆ వరుస మారలె. రేడియోకు బ్యాటరీ దిగిపోయి గురగుర తప్ప మాట వస్తలేదు. అయినా రోజూ దాన్ని మెత్తటి బట్టతోని తుడుస్తడు.

"ఎక్కడో ఢిల్లీలో మాట్లాడితే ఇక్కడ వినిపిస్తుందమ్మా. యంత్రమంటే ఇదీ" అంటడు తల్లి గుర్వమ్మతోని.

"మంచిగనే ఉన్నది గని బిడ్డా, నిన్న మన వాకిట్ల ఎవలేమన్నరో చెప్తదా?" అంటది ఆమె, ఇసుర్రాయి ముందట కాళ్లు సాపుకుంట.

ఆ ఇంటి ఇసుర్రాయి చెప్తది. రాయి నోట్ల పిడికెడు జొన్నలు పోసి తిప్పితే, ముందురోజు వాకిట్ల వినవడ్డ మాటలు ఎవల గొంతు వాళ్లదిగనే పిండితోటి బయటికొస్తయి. ఆఖర్న విన్నది ముందు చెప్తది, ఒకసారి చెప్పిన మాట మళ్ల చెప్పదు. జొన్నలు మంచిగ ఎండాలె. పచ్చివైతే మాట ముద్దముద్దగ వస్తది, పిండి గూడ అంతే. ఊళ్లె ఇది ఎరుకలేనోళ్లు లేరు. దాసుకునే మాట ఉంటే ఆడోళ్లు వాకిలవతల నిలవడి మాట్లాడుకుంటరు.

చిన్నప్పుడే చదువుకు పట్నం పోయిన రామచంద్రయ్య దాన్ని ఎన్నడో వచ్చిన కల అనుకున్నడు. ఊరికొచ్చిన తెల్లారే రాయిలకెళ్లి "అమ్మా, నీళ్లు కాగినవా" అని తన గొంతు వినవడితే చాయగిలాస చేతులకెళ్లి జారింది. రాయి కింద టార్చిలైటు కొట్టి చూసిండు.

"ఇది ఏ శాస్త్రానికీ అందదు!"

"శాస్త్రానికి అందకుంటే పాయె. పిండి అందుతాంది గద" అన్నది తల్లి.

కాలేజీల ఆయన చెప్పేది తెలుగు. ఒకసారి నిండుసభల ఎవలో పండితుడు "మీదీ తెలుగేనా" అని నవ్విండు. ఆ నవ్వు ఈయన ఇంకా మరువలె. అప్పటిసంది ఎవల నోట తప్పుమాట వచ్చినా దిద్దుడే.

కార్తీక సోమారానికి ముందునాడు, పొద్దుగూకంగ, ఇల్లిల్లు తిరిగి మారేడాకులు పంచే జంగమాయన జంగయ్య వచ్చిండు.

"అవ్వా, పత్రి తెచ్చిన."

"పత్రి అనకు" అని లేచిండు ప్రొఫెసర్. "ఏ ఆకైనా పత్రే. మారేడుకు దళం అనాలి. అను."

"దలం."

"ళ! నాలుక మడవాలి."

"దళం. నాలుక మూలుగుతాంది సారూ."

"మూలగనీ. రేపటినుంచి ఈ ఊళ్లో ప్రతి నోటా దళం అన్న మాటే రావాలి. నేను నేర్పిస్తాను."

జంగయ్య చేతులు జోడించి, పాఠం ఒప్పజెప్పినట్టు "దళం తెచ్చిన అవ్వా, గూట్ల పెట్టు" అని పోయిండు.

అప్పటికి రజాకార్ల పీడ వదిలి రెండు నెలలు. ఇప్పుడు మిలిటరోళ్లు అడవిల తిరిగే దళమోళ్లను ఎతుక్కుంట ఊర్ల మీద పడుతుండ్రు. పట్టుకపోయినోళ్లల్ల మళ్ల వచ్చింది తక్వ. ఇదంత ప్రొఫెసర్‌కు తెల్వక కాదు. పుస్తకంల అర్థం తప్ప ఆ మాటకు వాకిలవతల ఇంకో అర్థమున్నదని తట్టలె.

తెల్లారి గుర్వమ్మ ఇసురుతాంది. జంగయ్య భిక్షపిండికి జోలె పట్టుకొని నిలవడ్డడు. అప్పుడే మిలిటరీ కప్తాన్, తర్జుమా చేసే ఐలేశం, ఇద్దరు సిపాయిలు వాకిట్లకొచ్చిండ్రు. గుర్వమ్మ చెయ్యి ఆగేలోపల్నే రాయి జంగయ్య గొంతుతోని అన్నది: "దళం తెచ్చిన అవ్వా, గూట్ల పెట్టు."

ఐలేశం దాన్ని అడవిల దళమనే తర్జుమా జేసిండు. సిపాయిలు జంగయ్య రెక్కలు ఇరిచి తాడు కట్టిండ్రు.

"మారేడాకులయ్యా!" ప్రొఫెసర్ అడ్డం పోయిండు. హిందుస్తానీల గూడ చెప్పిండు. "శివుడికి పెట్టే ఆకులు!"

"ఏవి, చూపెట్టు" అన్నడు కప్తాన్.

గూడు ఖాళీ. ఇంటి మేక ఎప్పుడు తిన్నదో, ఒక్క ఈనె మిగిలింది.

"రాయి అబద్ధమాడదు" అన్నడు కప్తాన్ నిమ్మళంగ. "మా అమ్మమ్మ ఇంట్ల మజ్జిగ కవ్వం గట్లనే చెప్పేది. కని ఈ జిల్లల నేను తిరిగిన ఊర్లన్నిట్ల దాన్ని పత్రి అనే అంటరు. ఈడొక్కడే దళం ఎందుకన్నడు?"

ప్రొఫెసర్‌కు నిన్న తను నేర్పిన పాఠం యాదికొచ్చింది. జంగయ్య ఆయన దిక్కు చూస్తాండు గని నోరిప్పుత లేడు. సారు పేరు చెప్తె సారును కడుతరని ఆ మనిషికి అప్పటికే సమజైంది.

"ముసలమ్మా, ఇంకో పిడికెడు పొయ్యి" అన్నడు ఐలేశం.

గుర్వమ్మ పిడి మీద రెండు చేతులు ఆనిచ్చింది. "జొన్నలు పచ్చిగున్నయి నాయినా. మాట రాదు."

ఆమె అబద్ధమాడంగ ప్రొఫెసర్ ఎన్నడు వినలె. చాటల జొన్నలు మొన్న ఆయన ముందటనే ఎండపోసింది.

"అయితే పోదాం పా" అని సిపాయి తాడు గుంజిండు. జంగయ్య జోలె కింద పడ్డది.

ప్రొఫెసర్ వంగి తల్లి చేతులు మెల్లగ పక్కకు తీసిండు. "వద్దు బిడ్డా" అన్నది ఆమె, పెదవులతోనే. ఆయన పిడికెడు జొన్నలు రాయి నోట్ల పోసిండు. పుట్టినకాడికెళ్లి ఇసుర్రాయి తిప్పినోడు కాదు, రాయి ఒక దిక్కు ఒరిగింది. అయినా మాట వచ్చింది.

"రేపటినుంచి ఈ ఊళ్లో ప్రతి నోటా దళం అన్న మాటే రావాలి. నేను నేర్పిస్తాను."

ఆయన పిడి ఇడిసిపెట్టిండు. మనుషుల్ని ఎట్టిచాకిరికి పిలిచే దొర గొంతు లెక్కున్నది అది. తనది గిట్లుంటదని ఇన్నేండ్లల్ల ఒక్కలు చెప్పలె.

"ఎవలిదీ గొంతు?" అన్నడు కప్తాన్.

"నాది" అన్నడు ప్రొఫెసర్.

సిపాయి జంగయ్య చేతుల తాడు ఇప్పి ఆయనకు కట్టిండు. ఆ తర్వాత వాకిట్ల ఎవలు నోరు మెదపలె.

మరునాడు గుర్వమ్మ ఇసుర్రాయి ముట్టలె. చాటల ఎండిన జొన్నలు ఉండంగనే పక్కింటి జానమ్మ దగ్గర పిండి బదులు తెచ్చుకున్నది. పిడికెడు పోస్తే రాయి ముందుగాల చెప్పేది కొడుకు ఆఖర్న అన్న ఆ ఒక్క మాటనే. చెప్తె ఒడిసిపోతది.